“అది తిందారా?” అని అమ్మ అడిగింది, నేను కుక్క గురించి చెప్పాను

తెనాలి_బుల్లోడు:
ముందు మా ఇంటి సంగతి చెప్పాలి, లేకపోతే అర్థం కాదు. మా ఆవిడ నా మేనమామ కూతురే. పుట్టిన దగ్గర్నుంచీ మా అమ్మ ఎత్తుకు తిప్పిన పిల్ల కాబట్టి అమ్మకి తను ఎప్పుడూ ‘అది’యే, పెళ్ళయ్యాక కూడా కోడలనీ అమ్మాయనీ ఏం మారలేదు, అది లేచిందా, అది ఆఫీసుకెళ్ళిందా, దానికి ఫోనివ్వు, అంతే. మా ఆవిడకీ పట్టింపు లేదు, అత్తా అత్తా అంటూ కొంగు పట్టుకుని తిరుగుతుంది. ఇంట్లో ఇంకో ప్రాణి బర్ఫీ, ఏడాదిన్నర ఆడకుక్క. అమ్మకి అది కూడా ‘అది’యే కదా మరి.

మొన్న మంగళవారం ఇంటి నుంచే పని చేస్తున్నా, మీటింగ్ మధ్యలో అమ్మ ఫోన్.
‘అది తిందారా?’
‘లేదమ్మా, పొద్దున్నుంచీ ముద్ద ముట్టలేదు. రెండుసార్లు కక్కింది కూడా.’
అటువైపు సడి లేదు.
‘ఎన్నాళ్ళ నుంచి?’
‘నిన్నట్నుంచే. ఎక్కడో గడ్డి తినుంటుంది.’
‘నోర్ముయ్ రా వెధవా, ఇలాంటప్పుడు అనే మాటేనా అది! ఇప్పుడేం చేస్తోంది?’
‘ఏసీ కింద పడుకుని మూలుగుతోంది. సాయంత్రం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తా, ఒక ఇంజెక్షన్ పొడిస్తే అదే లేస్తుంది.’
‘ఇంజెక్షన్లూ గింజెక్షన్లూ ఏం వెయ్యనీకు, నేను మామయ్యతో మాట్లాడతా’ అని పెట్టేసింది.

కుక్కకి కడుపులో బాలేకపోతే మామయ్యతో మాట్లాడ్డం దేనికా అనుకున్నా కానీ మీటింగ్ గోలలో వదిలేశా. నాలుగింటికి మా అత్త, ఆఫీసులో ఉన్న కూతురికి ఫోన్ చేసి ‘ఎన్నో నెలే, కన్నతల్లికి చెప్పాలని లేదా’ అని ఏడుపు. బర్ఫీ తిన్నది నా సాక్సు ముక్క అని సాయంత్రం తేలింది. అప్పటికే తెనాలిలో మినప్పప్పు వేయించేశారు. సున్నుండలు వద్దన్నా పంపించారు, తింటున్నాం, బాగున్నాయి. మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటివి జరిగాయా, మాకేనా?

పిల్లులమ్మ:
అయ్యో గడ్డి తినుంటుంది దగ్గర నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి 😂 మాది రివర్స్ కేసు. మూడేళ్ళ కింద వానలో ఎర్ర పిల్లికూన దొరికింది, అరచేతిలో సరిపోయేంత. అంత చిన్నప్పుడు ఆడో మగో ఎవరు చూస్తారండీ, తోక ఎత్తి చూసినా నాకేం తెలుస్తుంది. తెలిసిన డాక్టర్ గారు ఫోన్లోనే ‘ఎర్ర పిల్లుల్లో ఎక్కువ మగవేనమ్మా, ఐదింట్లో నాలుగు మగవి’ అన్నారు, ఇంకేముంది మేము గుండుగాడు అని పేరెట్టేశాం. ఆయన చెప్పిన లెక్క కరెక్టే, మాది ఆ ఐదోది. ఒకరోజు బీరువా తలుపు కొద్దిగా తెరిచుంటే మా ఆయన పెళ్ళినాటి పట్టుపంచె మీద నాలుగు కూనల్ని పెట్టేసింది. మా పాప స్కూలుకెళ్ళి ‘మా గుండుగాడికి డెలివరీ అయింది’ అని చెప్పొచ్చింది, టీచర్ నాకు ఫోన్ చేసి ‘గుండుగాడు అంటే ఎవరండీ’ అని చాలా మెల్లిగా అడిగారు.

ఇప్పటికీ పేరు మార్చలేదు. నోరు తిరగట్లేదు. ‘గుండుగాడు పిల్లలకి పాలిస్తున్నాడు, డిస్టర్బ్ చెయ్యకండి’ అనే అనేవాళ్ళం అప్పట్లో.

పాలమూరు_పోరి:
మా నాయిన నన్ను కొడుకా అనే పిలుస్తడు. ‘ఏం కొడుకా తిన్నవా, ఎప్పుడొస్తున్నవ్ కొడుకా’ గిట్ల. మా దిక్కు బిడ్డ అంటెనే ఆడివిల్ల కద, ‘ఒక కొడుకు ఒక బిడ్డ’ అని లెక్క చెప్తరు, గని పిలిచేటప్పుడు ఇద్దర్ని రెండు తీర్ల పిలుస్తరు, నన్ను కొడుకా అంటరు, మా తమ్మున్ని బిడ్డా అంటరు. హైదరాబాద్ల హాస్టల్ల ఉన్నప్పుడు నాయిన ఫోన్ స్పీకర్ల ఉంటే, ‘కొడుకా పైసలు ఏసిన సూస్కో’ అన్నడు, గుంటూరు రూమ్మేట్ బిత్తరపోయింది, నీకు మీ నాన్న రాంగ్ కాల్ చేసిండా అని. నాకు మాత్రం ఆ మాట ఇనకపోతే ఇంటికి పోయినట్టే ఉండది.

గోదారి_గట్టు:
మా వైపు మగపిల్లల్ని అమ్మా, తల్లీ, అమ్మలూ అంటారండీ, ఇందులో వింతేం లేదు. వింత ఎక్కడంటే నాకు పెళ్ళిచూపులప్పుడు. ఆరడుగులుంటాను, మీసం ఉంది, సివిల్ కాంట్రాక్టు పనులు చేయిస్తాను, మాటకి పాతికమంది కూలీలు లేస్తారు. అమ్మాయి వాళ్ళింట్లో గంభీరంగా కూర్చుంటే మా మామ్మ పక్కనుంచి ‘అమ్మలూ, ఆ జంతిక తినవేంటి తల్లీ, కొరకలేకపోతున్నావా’ అంది. వాళ్ళ చిన్నాన్నకి టీ గొంతులో అడ్డం పడింది. సంబంధం కుదిరింది లెండి. మా ఆవిడ ఇప్పటికీ నాతో పని పడితే అమ్మలూ అనే మొదలెడుతుంది.

అదే మామ్మ మా చెల్లెల్ని అమ్మడు అంటుంది. రాముడు, భీముడు, అమ్మడు. డు పెట్టాక ఇంక ఆడేంటి మగేంటి.

కడప_కారం:
అందరూ నవ్వుకుంటాండారు సరే, నేనొకటి చెప్తా ఎవురూ ఏమనుకోవద్దండి. బుల్లోడన్నా, మీ ఇంట్లో మేనత్త కాబట్టి ‘అది’ ముద్దు. నాకు బయటి సంబంధం. పెండ్లైన మూడో రోజు పొద్దున వంటింట్లో నుంచి వినపడింది, ‘అది ఇంకా లేయలేదా?’ అని. అప్పటికి ఆ ఇంట్లో కుక్కా లేదు పిల్లీ లేదు, ఉండేది నేనే. పుట్టింట్లో మా పిన్నమ్మలు ఎదిరింటి ఆమెను కూడా ‘ఆయమ్మ’ అంటారు, ఆయమ్మ వచ్చింది, ఆయమ్మ చెప్పింది అని. క్రియ అదే ‘ది’తోనే ముగుస్తాది, ఆ ముందర ‘ఆయమ్మ’ అనే రెండు ముక్కల్లోనే ఉంది మర్యాదంతా. ఆయన్ను మాత్రం వాళ్ళమ్మ కూడా మా ముందర ‘వాడు’ అనదు, ‘అబ్బాయి వచ్చినాడు’ అంటాది. ఒకరోజు నేనే మా ఆయనతో అన్నా, మీ అన్నగారిని నేను పదిమందిలో ‘వాడు తిన్నాడా’ అంటే ఎట్లుంటాదో అట్లుంది నాకు అని. అర్థమైంది ఆయనకు. వాళ్ళమ్మకు ఏం చెప్పినాడో తెలీదు, ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తారు.

వ్యాకరణం_మాస్టారు:
రిటైరైన తెలుగు మాస్టార్ని, ఇలాంటి చోట నోరూరుకోదు, క్షమించాలి. కడప అమ్మాయి చెప్పిన ‘ది’ ఉందే, గొడవంతా దాన్లోనే ఉంది. 1858లో చిన్నయసూరి గారు బాలవ్యాకరణంలో మాటల్ని మహత్తులు, అమహత్తులు అని విడగొట్టారు. మగవాళ్ళు మహత్తులు. ఏకవచనంలో ఆడవాళ్ళు, పశువులు, వస్తువులు అన్నీ ఇవతల గట్టునే. అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. ఆ చివరి ‘ది’ ‘అది’లో ఉన్న ‘ది’యే. బహువచనంలోకి రాగానే గట్టు మారిపోతుంది చూడండి. బస్సులు వచ్చాయి, ఆవులు వచ్చాయి, అమ్మలు మాత్రం వచ్చారు. లెక్కపెట్టినా అంతే, రెండు బస్సులు, రెండు ఆవులు, అమ్మలైతే ఇద్దరు.

ఇప్పుడు మీ పెంపుడు జంతువుల దగ్గరికి రండి. మగకుక్కకి ప్రమోషన్ ఇవ్వడం తేలిక, ‘అది’ తీసేసి ‘వాడు’ అంటే చాలు, మనిషైపోయాడు. ఆడకుక్కకి ఏకవచనంలో ప్రమోషన్ లేదు. ‘ఆమె బిస్కెట్ తింది’ అంటే వినేవాళ్ళు నవ్వుతారు, ‘అది తింది’ అంటే ఉన్నచోటే ఉంది. అందుకే మీ అమ్మగారికి కోడలూ కుక్కా కలిసిపోయారు. తప్పు ఆవిడది కాదు. కుక్కల్ని మనుషుల్లో కలిపారో లేదో తెలియాలంటే బహువచనంలో అడిగి చూడండి. రెండు కుక్కలున్న ఇంట్లో ‘తిన్నాయా’ అంటారా ‘తిన్నారా’ అంటారా? ‘రెండూ పడుకున్నాయి’ అంటారా ‘ఇద్దరూ పడుకున్నారు’ అంటారా?

పిల్లులమ్మ:
మాస్టారూ!! మేం ఐదు పిల్లుల్నీ ‘తిన్నారా’ అనే అంటాం!! ఇన్నాళ్ళూ గమనించనేలేదు. మా అత్తగారు మాత్రం ‘తిన్నాయా’. ఓహో.

చెన్నై_తెలుగోడు:
మేం నాలుగు తరాలుగా ఇక్కడే. తమిళంలో అవన్ (వాడు), అవళ్ (ఆమె), అదు (అది), మూడూ వేరు, అంచేత మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ‘అమ్మ అది అక్కడుంది’ అంటే పక్కింటి మామి మొహం మాడ్చుకుంటుంది, అమ్మని పోయి అదు అంటారా అని. కన్నడంలో కూడా అవను, అవళు, అదు. మనకే ఎందుకండీ ఈ దరిద్రం, ఆడదాన్ని తీసుకెళ్ళి గొడ్లలో కలపడం? సంస్కారం లేకనా?

వ్యాకరణం_మాస్టారు:
సంస్కారానికీ దీనికీ ముడిపెట్టకు నాయనా. గోండి, కొలామీ భాషల్లో కూడా ఏకవచనంలో ఇదే పద్ధతి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి వాదన ప్రకారం మూల ద్రావిడంలో, అంటే ఈ భాషలన్నిటికీ తల్లి భాషలో, ఏకవచనంలో ఉన్న విభజన మగ, మగ కానిది, అంతే. తమిళ కన్నడాల ‘అవళ్, అవళు’ తర్వాత పుట్టుకొచ్చినవి. అంటే మనం పాత ఇంట్లోనే ఉన్నాం, వాళ్ళు పక్కన కొత్త గది వేసుకున్నారు. మనమూ వేసుకోలేదా ఏంటి, ఆమె, ఆవిడ అని. తలుపు మార్చాం గానీ క్రియ దగ్గర పాత గొళ్ళెమే ఉండిపోయింది.

కడప_కారం:
పాతిల్లు సరే మాస్టారూ, ఆ ఇంట్లో ఆడోళ్ళను పెట్టింది గొడ్లచావిట్లో. 🙂

వ్యాకరణం_మాస్టారు:
దానికి నా దగ్గర సూత్రం లేదమ్మా.

భిలాయ్_బ్యాచ్:
నాన్న స్టీల్ ప్లాంట్ ఉద్యోగం, పుట్టి పెరిగింది భిలాయ్‌లో. మా అమ్మది శ్రీకాకుళం, ముప్ఫై ఏళ్ళున్నా హిందీలో ఆడామగా ఆవిడకి కుదరలేదు. తెలుగులో ‘నేను వెళ్తున్నా’ అంటే చెప్పేది ఆడో మగో ఎవడికీ అక్కర్లేదు, హిందీలో నోరు తెరిస్తే చెప్పాల్సిందే. అమ్మ జీవితాంతం ‘మై జారహా హూఁ’ అనే అంది. కూరగాయలవాడు కూడా అలవాటుపడి ‘హాఁ భాయ్ సాబ్’ అనేవాడు సరదాకి. ఒకసారి ఓనర్ వాళ్ళు ఇంట్లో లేనప్పుడు వాళ్ళ చుట్టమొకాయన వచ్చి వెళ్ళాడు, అమ్మ ఓనరావిడతో ‘ఏక్ అంకుల్ ఆయీ థీ, బహుత్ దేర్ బైఠీ థీ’ అంది, ఆవిడ ఆంటీనా అంకులా తేల్చుకోలేక రాత్రికి నలుగురు చుట్టాలకి ఫోన్లు చేసింది. దీనికి తోడు చాయ్ ఆడ, రోటీ ఆడ, కుర్సీ ఆడ, మేజ్ ఆడ, దహీ మగ. వస్తువులకి కూడా ఆధార్ కార్డులుంటాయి అక్కడ.

కానీ ఆ హిందీ వాళ్ళే ఆడపిల్లని బేటా అంటారు. పాలమూరు అక్కా, మీ నాన్నగారి కొడుకా లాంటిదే. బేటాని బేటీ అని పిలిచిన తండ్రిని మాత్రం నేను చూళ్ళేదు.

పాలమూరు_పోరి:
అవ్ తమ్మీ, గదే ఆలోచిస్తున్న పొద్దుగాల నుంచి. నన్ను కొడుకా అంటే నాకు ఎత్తు పెరిగినట్టుంటది. మా తమ్ముడు చిన్నగున్నప్పుడు ఏడిస్తే గదే నాయిన ‘ఏందిరా ఆడివిల్ల లెక్క’ అన్నడు. రెండు ఒక్క నోట్లకెళ్లే వచ్చినయ్. నాయిన మంచోడే, ఇప్పుడు అడుగుత ఫోన్ చేసి.

విజీనారం_గుంటడు:
మా అమ్మ కుక్కని గుంటడా అంటాది, నన్ను కుక్కా అంటాది. ఇందులో యాకరణం ఏటుంది మాస్టారూ.

న్యూజెర్సీ_నాయనమ్మ:
నాకు 68. మనవరాలికి తెలుగు నేర్పిస్తున్నా. శని ఆదివారాల తెలుగు క్లాసులో ‘అది’ అంటే వస్తువు అని చెప్పారట, బల్ల, కుర్చీ, అది. ఇంటికొచ్చి వాళ్ళమ్మమ్మని చూపించి ‘అది పడుకుంది’ అంది. మా వియ్యపురాలికి కోపం వచ్చింది, నేనే నేర్పించానని అనుమానం కూడా. పిల్ల చేసిన తప్పేం లేదు పాపం, ‘పడుకుంది’ అన్నచోట ‘అది’ అతుక్కుంటుంది కదా. అమ్మమ్మ ‘పడుకున్నారు’ అనాలమ్మా అని చెప్పా. మర్నాడు కుక్కపిల్ల గురించి ‘టెడ్డీ గారు పడుకున్నారు’ అంది. ఇంక దిద్దలేదు.

ఇక్కడ వాకింగ్‌లో కుక్క ఎదురైతే నేను ‘హీ’ అంటా, వాళ్ళు వెంటనే ‘షీ’ అని సరిచేస్తారు, అదేదో కొంప మునిగినట్టు నేను సారీ చెప్తా. ‘ఇట్’ అంటే ఇంకా చిన్నబుచ్చుకుంటారు. మన ఊళ్ళో ఎవరైనా మా వీధికుక్క ఆడదండీ అని నన్ను దిద్దారా ఎప్పుడైనా.

పేరు_వద్దు_ఊరు_వద్దు:
రాయాలా వద్దా అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నా. మా చిన్నాన్న పిల్లల్లో చిన్నది, అందరికీ తమ్ముడిగా పెరిగింది, నాలుగేళ్ళ కింద తను అమ్మాయినని ఇంట్లో చెప్పింది. పెద్ద గొడవలయ్యాయి, అవన్నీ వద్దు. మా నాయనమ్మ సంగతే చెప్తా. ఆవిడకి 80 దాటాయి. ఎదురుగా మాట్లాడేటప్పుడు తెలుగులో ఏ ఇబ్బందీ లేదు, తిన్నావా, వస్తావా, సన్నబడ్డావేంటి, ఇందులో ఆడామగా లేనే లేదు. ‘ఏరా’ అన్నా ఆడపిల్లల్ని కూడా అంటాం కాబట్టి సరిపోతుంది. చిక్కంతా పక్కవాళ్ళతో తన గురించి చెప్పేటప్పుడే. ‘తను’ అందాం అనుకుంటాం, వాక్యం చివరికొచ్చేసరికి ‘వచ్చాడు’ అని బయటపడిపోతుంది. మా నాన్న అయితే వాక్యాలు సగంలో ఆపేసేవాడు, ‘తను... ఇప్పుడే...’ అని. నాయనమ్మ మాత్రం ‘బుజ్జి వచ్చారు, బుజ్జి తిన్నారు’ అనడం మొదలెట్టింది. తన మనవసంతానంలో ఎవర్నీ గౌరవంగా పిలిచి ఎరగదు ఆవిడ, కలెక్టర్ వచ్చినట్టుండేది. తప్పు దొర్లకుండా ఆవిడ కనిపెట్టిన దారి అది. బుజ్జికి మాత్రం అదే కష్టంగా ఉండేది, నన్ను చుట్టాన్ని చేసేసింది అనేది.

పోయిన సంక్రాంతికి అందరం కలిశాం. అరిసెలు వత్తుతున్నాం, నూనె కాగిపోయింది, బుజ్జి చక్క గరిటె తెస్తానని వెళ్ళి డాబా మీద ఫోన్లో పడింది. నాయనమ్మ పొయ్యి దగ్గర్నుంచి గట్టిగా అరిచింది, ‘ఎక్కడ చచ్చిందే అది? నూనె మాడిపోతోంది ఇక్కడ!’ అని.

వంటింట్లో అందరం ఆగిపోయాం. ఆవిడకి తెలీదు ఏమందో, అరిసె తిరగేస్తోంది. బుజ్జి మెట్ల మీద నిలబడి వింది. కిందకొచ్చి గరిటె ఇచ్చి పెరట్లోకెళ్ళి చాలాసేపు రాలేదు. మొహం కడుక్కుని వచ్చి అరిసెలన్నీ తనే వత్తింది.

కడప_కారం:
పైన నేను రాసిందాంట్లో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. కానీ ఇది చదివి ఫోన్ పక్కన పెట్టేసినా కాసేపు.

గోదారి_గట్టు:
మీ నాయనమ్మ గారికి నా దండాలు చెప్పండి.

రెండు_రాష్ట్రాల_అల్లుడు:
కొంచెం పక్కకి వెళ్తున్నా. మా అమ్మ నన్ను పిలవాలంటే ముందు మా అన్న పేరు, తర్వాత మా మామయ్య పేరు, తర్వాత ‘టామీ’, చివరికి ‘నువ్వేరా, వినపడట్లా?’ టామీ పోయి ఆరేళ్ళయింది. ఇది మతిమరుపేమో అని భయపడి వెతికితే 2016లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళు దీని మీద పరిశోధన చేసి పేపర్ వేశారని తెలిసింది. మెదడు పేర్లని గుంపులుగా దాచుకుంటుందట, ఇంట్లోవాళ్ళ పేరు బదులు ఇంట్లోవాళ్ళ పేరే వస్తుంది, స్నేహితుల బదులు స్నేహితులదే. మనిషికి బదులు కుక్క పేరు నోట్లోకి రావడం అందులో కనిపించిందట, పిల్లి పేరు మాత్రం రాలేదట.

పిల్లులమ్మ:
ఖండిస్తున్నాను. ఆ యూనివర్సిటీ వాళ్ళని మా ఇంటికి రమ్మనండి, మా ఆయన్ని రోజుకి నాలుగుసార్లు గుండుగాడా అంటాను.

గోదారి_గట్టు:
మా డాక్టర్ దగ్గర (కుక్కల డాక్టర్) కాంపౌండర్ బయటికొచ్చి ‘సింబా వాళ్ళ ఫాదర్ ఎవరండీ’ అని అరుస్తాడు. మొదటిసారి అటూ ఇటూ చూశా. ఇప్పుడు టక్కున లేస్తున్నా. మా మామ్మకి ఇంకా నచ్చలేదు గానీ మొన్న పాలవాడు ‘ఎంతమందండీ ఇంట్లో’ అంటే ‘ఐదుగురం’ అంది. మనుషులం నలుగురమే. మాస్టారి లెక్కలో ఇది పాసేనా?

వ్యాకరణం_మాస్టారు:
డిస్టింక్షన్.

తెనాలి_బుల్లోడు:
పదిరోజుల తర్వాత వచ్చా, ఇంత రాశారేంటండీ బాబూ. అప్‌డేట్ ఇస్తున్నా. ఆ సున్నుండల గొడవ తర్వాత అమ్మకి ఫోన్లో గట్టిగా చెప్పా, అమ్మా ఇకనుంచి కుక్క గురించైతే బర్ఫీ అను, కోడలి గురించైతే పేరు చెప్పు, రెండూ ‘అది’ అంటే నా వల్ల కాదు అని. మాస్టారు రాసింది కూడా చదివి వినిపించా, మహత్తు అమహత్తు అన్నీ. శ్రద్ధగా ఊఁ కొట్టింది.

ఇవాళ మధ్యాహ్నం ఫోన్ చేసింది.
‘వాళ్ళిద్దరూ తిన్నారా?’

నేను స్పీకర్‌లో పెట్టా. మా ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గర, బర్ఫీ దాని కింద. మా ఆవిడ చెయ్యి కడుక్కోకుండానే వచ్చి ‘అత్తా, నిజం చెప్పు, ఇప్పుడు నువ్వు మనిషిని చేసింది నన్నా దాన్నా?’ అంది.

అటునుంచి అమ్మ, ‘ముందు తిన్నారో లేదో చెప్పవే!’